సాఫ్ట్‌వేర్లు తీసేసిన మర్నాటి నుంచి డీవీడీ డ్రైవు కనబడడం లేదు, కోడ్ 39 (పరిష్కారమైంది)

పాతపెట్టె

అందరికీ నమస్కారం. నా డెస్క్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. సాటా కేబుల్‌తో (డిస్కు డ్రైవులను మదర్‌బోర్డుకు కలిపే కేబుల్) కలిపిన లోపలి డీవీడీ రైటర్ ఏళ్ల తరబడి ఏ పేచీ లేకుండా పనిచేస్తూ వచ్చింది. పాత సీడీల్లో, డీవీడీల్లో మిగిలిపోయిన ఫొటోలను హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకునే పని సగంలో ఉండగా, జాగా చాలక, ఇక వాడబోనని అనుకున్న రెండు సాఫ్ట్‌వేర్లను తీసేశాను. ఒకటి డిస్కులు రాసేది. రెండోది డిస్కు ఇమేజ్ ఫైలును అసలు డిస్కు పెట్టినట్టుగా చూపించే వర్చువల్ డ్రైవు సాఫ్ట్‌వేరు. అదే సాయంత్రం విండోస్ అప్‌డేట్ కూడా ఒకటి ఎక్కింది.

మర్నాడు చూస్తే ‘దిస్ పీసీ’లో డ్రైవు గుర్తే లేదు. డివైస్ మేనేజర్‌లో పేరు కనిపిస్తోంది గానీ దాని పక్కన పసుపుపచ్చ త్రికోణం ఉంది. ప్రాపర్టీస్ తెరిస్తే, ఈ పరికరానికి కావలసిన డ్రైవర్‌ను విండోస్ లోడ్ చేయలేకపోతోందనీ, అది పాడైపోయి గానీ లేకుండా పోయి గానీ ఉండవచ్చనీ రాసి, చివర కోడ్ 39 అని చూపిస్తోంది. అక్కడే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాను. మళ్లీ అదే త్రికోణంతో తిరిగొచ్చింది. కేబుల్ మార్చి చూశాను, ఫలితం లేదు. ట్రే మాత్రం బటన్ నొక్కితే శుభ్రంగా బయటికి వస్తోంది. డ్రైవు పాడైందని అనుకోవాలా, లేక దీనికి మార్గం ఏదైనా ఉందా?

గాలిపటం

మా ఇంట్లోదీ ఇలాగే పోయిందండీ. లెన్సు అరిగిపోయి ఉంటుంది. కొత్తది కొనడం తప్ప వేరే దారి లేదు.

సూదిమొన

కొనడానికి తొందరపడకండి. లెన్సు బలహీనపడితే కనిపించే లక్షణాలు వేరు. డీవీడీ డ్రైవులో సీడీలను చదవడానికి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీలను చదవడానికి 650 నానోమీటర్ల లేజర్ ఉంటాయి. అందువల్ల లేజర్ మొరాయించినప్పుడు చాలాసార్లు సీడీలు చదువుతూ డీవీడీలు చదవకపోవడమో, డీవీడీలు చదువుతూ సీడీలు చదవకపోవడమో, లేదా డిస్కు గిరగిరా తిరిగి తిరిగి చివరికి ‘డిస్కు పెట్టండి’ అని అడగడమో జరుగుతుంది. అంతేగాని డ్రైవర్ లోడ్ కాలేదన్న సందేశం రాదు. లెన్సు సంగతి విండోస్‌కు తెలిసేది డ్రైవర్ లోడ్ అయ్యాకే కదా.

ట్రే తెరుచుకోవడాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. కరెంటు అందితే చాలు, డేటా కేబుల్ పీకేసినా అది తెరుచుకుంటుంది.

రెండు పరీక్షలు చేసి చెప్పండి. కంప్యూటర్ మొదలవుతుండగా బయోస్ (విండోస్ కంటే ముందే నడిచే, మదర్‌బోర్డ్ అమరికల ప్రోగ్రాము) తెరిచి, సాటా పరికరాల జాబితాలో డ్రైవు మోడల్ పేరు ఉందో లేదో చూడండి. తరువాత ఏదైనా లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి, హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించకుండానే బూట్ చేసి, ఒక డిస్కు పెట్టి, అందులోని ఫైళ్లు కాపీ అవుతాయేమో చూడండి. ఈ రెండో పరీక్షలో నెగ్గితే డ్రైవు, కేబుల్, మదర్‌బోర్డ్ మీద ఉన్న సాటా పోర్టు, మూడూ బాగున్నట్టే. అప్పుడు తప్పు పూర్తిగా విండోస్ లోపల ఉన్నట్టు.

పాతపెట్టె

ధన్యవాదాలండీ, రెండూ చేశాను. బయోస్‌లో మోడల్ పేరు అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తోంది. లైనక్స్‌లో డ్రైవు ‘ఎస్ఆర్0’ అన్న పేరుతో వెంటనే వచ్చింది. ఒక సీడీ నుంచి, ఒక డీవీడీ నుంచి రెండు ఫోల్డర్లు పూర్తిగా కాపీ చేసుకున్నాను. అంటే డ్రైవు నిక్షేపంగా ఉంది. మరి నేను డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఎక్కించినా ఎందుకు కుదరలేదో అర్థం కాలేదు.

సూదిమొన

అసలు చిక్కు అక్కడే ఉంది, అందుకని కొంచెం వివరంగా రాస్తాను. ముందుగా ఒక మాట: మనం డ్రైవు అన్నా డ్రైవరు అన్నా ఒకేలా వినిపిస్తుంది గానీ, డ్రైవు అంటే పెట్టెలో బిగించిన యంత్రం, డ్రైవరు అంటే దానితో మాట్లాడే ప్రోగ్రాము. మీకు పోయింది రెండోది. అది కూడా విండోస్ సొంత డ్రైవరు కాదని నా అనుమానం.

విండోస్‌లో సీడీ, డీవీడీ, బ్లూరే డ్రైవులన్నిటికీ కలిపి ‘సీడీరామ్’ అనే ఒకే డ్రైవరు ఉంటుంది, అది విండోస్‌తోపాటే వస్తుంది. తయారీదారు ఇచ్చిన డ్రైవరు కోసం వెతకమని సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. అలాంటిది సాధారణంగా ఉండదు. అయితే డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్లు, వర్చువల్ డ్రైవులు, కొన్ని పాటల సాఫ్ట్‌వేర్లు, డిస్కుకూ విండోస్‌కూ మధ్య నడిచే మాటలను తామూ వినాలనీ, అవసరమైతే మార్చాలనీ కోరుకుంటాయి. అందుకోసం అవి తమ సొంత చిన్న డ్రైవర్లను ఆ వరుసలో నిలబెడతాయి. వాటినే ఫిల్టర్ డ్రైవర్లు అంటారు. అసలు డ్రైవరుకు పైన నిలబడేవి అప్పర్‌ఫిల్టర్స్, కింద నిలబడేవి లోయర్‌ఫిల్టర్స్. ఎవరెవరు నిలబడాలన్న జాబితా రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన అమరికలు రాసిపెట్టుకునే చోట, ఉంటుంది.

ఇల్లు కట్టేచోట కూలీలు వరుసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చుకోవడం చూసే ఉంటారు. జాబితాలో పేరున్న మనిషి ఒకడు రాలేదనుకోండి, పక్కవాడు ఒక అడుగు జరిగి ఆ ఖాళీ పూడుస్తాడు. విండోస్ అలా జరగదు. జాబితాలో పేరుండి, ఆ పేరుగల డ్రైవరు దొరకకపోతే, ఆ వరుసనంతా నడపకుండా ఆపేసి, కోడ్ 39 అని చెప్పి ఊరుకుంటుంది. మీరు తీసేసిన రెండు సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకటి పోతూ పోతూ తన ఫైలును తీసుకుపోయింది గానీ, జాబితాలో తన పేరు కొట్టేయలేదు.

అన్‌ఇన్‌స్టాల్ ఎందుకు కుదరలేదంటారా? మీరు డివైస్ మేనేజర్‌లో తీసేసింది ఆ ఒక్క పరికరపు నమోదును. ఫిల్టర్ల జాబితా పరికరానికి కాక, సీడీరామ్ అనే తరగతి మొత్తానికి చెందినది. అది కదలలేదు. రీస్టార్ట్ అయ్యాక విండోస్ డ్రైవును కొత్తగా కనుక్కుని, అదే పాత జాబితాను పట్టుకుని, మళ్లీ అక్కడే ఆగింది. కాబట్టి ఇంకో పదిసార్లు చేసినా, కొత్త డ్రైవు కొని బిగించినా ఇదే ఫలితం వస్తుంది.

గాలిపటం

లెన్సు మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఇది తేలికే కదా! రిజిస్ట్రీని చూపించి మార్చనిచ్చే రెజ్‌ఎడిట్ తెరిచి, అప్పర్‌ఫిల్టర్స్ అని వెతికి, దొరికిన ప్రతిదాన్నీ తీసేసి, తరువాత లోయర్‌ఫిల్టర్స్ కూడా అలాగే తీసేయమని ఒకచోట చదివాను. రెండు నిమిషాల పని.

ఒకసారికాలినచెయ్యి

పాతపెట్టె గారూ, దయచేసి పై సలహాను పాటించకండి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం లాంటిది అది. నేను సరిగ్గా అదే చేసి అనుభవించాను కాబట్టి చెబుతున్నాను.

రిజిస్ట్రీలో ఒక్కో పరికరాల తరగతికి ఒక్కో పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. సీడీరామ్ తరగతి సంఖ్య 4డీ36ఈ965తో మొదలవుతుంది. 4డీ36ఈ967 అంటే హార్డ్‌డిస్కుల తరగతి. 4డీ36ఈ96బీ అంటే కీబోర్డులది, 4డీ36ఈ96ఎఫ్ అంటే మౌసులది. మొదటి ముక్కలో చివరి అంకెలు తప్ప అంతా ఒకేలా ఉంటుంది, ఏమరుపాటున కన్ను జారడం చాలా సులువు. పైగా కీబోర్డు తరగతిలోని అప్పర్‌ఫిల్టర్స్‌లో ‘కేబీడీక్లాస్’ అనే పేరు ఉంటుంది. అది చెత్త కాదు, విండోస్ సొంత డ్రైవరు, అది లేకపోతే కీబోర్డు పనిచేయదు. మౌసు తరగతిలోని ‘మౌక్లాస్’ కూడా అంతే. నేను వెతికి వెతికి అన్నీ తీసేసిన తరువాత రీస్టార్ట్ చేస్తే, పాస్‌వర్డ్ అడిగే తెర వచ్చింది. కొట్టడానికి కీబోర్డు లేదు, నొక్కడానికి మౌసు లేదు. చివరికి విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రికవరీలో నుంచి రిజిస్ట్రీని బాగుచేసుకోవలసి వచ్చింది. ఆ రోజు డీవీడీ డ్రైవు మాత్రం చక్కగా పనిచేసింది, చూసి సంతోషించే స్థితిలో నేనే లేను.

హార్డ్‌డిస్కు, వాల్యూమ్ (డిస్కులోని సీ, డీ లాంటి భాగాలు) తరగతుల్లో ఉండే ఫిల్టర్లను తీసేస్తే విండోస్ అసలు మొదలే కాకపోవచ్చు. వాల్యూమ్ తరగతిలోని ‘వోల్‌స్నాప్’ అలాంటిదే. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే సాఫ్ట్‌వేర్లు కూడా ఆ జాబితాల్లోనే తమ ఫిల్టర్లను పెట్టుకుంటాయి.

పాతపెట్టె

సమయానికి చెప్పారు, అప్పటికే రెజ్‌ఎడిట్ తెరిచి కూర్చున్నాను. హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, క్లాస్ అన్న వరుసలో వెళ్లి, 965తో ముగిసే ముక్కను రెండుసార్లు సరిచూసుకుని తెరిచాను. కుడివైపు క్లాస్ అన్నచోట సీడీరామ్ అనే ఉంది. లోయర్‌ఫిల్టర్స్ లేదు. అప్పర్‌ఫిల్టర్స్‌లో రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అప్పర్‌ఫిల్టర్స్ డాట్ బ్యాక్ అని ఇంకొకటి కూడా ఉంది. ఆ రెండు పేర్లలో ఏది ఎవరిదో పేరును బట్టి తెలియడం లేదు. ఒకటి నేను ఇప్పటికీ వాడుతున్న పాటల సాఫ్ట్‌వేరుది అయివుండవచ్చు. మొత్తం తీసేయాలా, ఒక్కటి తీసేయాలా?

సూదిమొన

డాట్ బ్యాక్ అని ఉన్నదాన్ని విండోస్ పట్టించుకోదు. ఏదో సాఫ్ట్‌వేరు జాబితాను మార్చేముందు దాచుకున్న పాత ప్రతి అది. అలాగే వదిలేయండి.

మిగిలిన రెండు పేర్లలో దోషి ఎవరో ఊహించనక్కరలేదు, కనుక్కోవచ్చు. అదే కరెంట్‌కంట్రోల్‌సెట్ కింద సర్వీసెస్ అనే విభాగం ఉంది. జాబితాలోని ప్రతి పేరుకూ అక్కడ అదే పేరుతో ఒక ఫోల్డర్ ఉండాలి. అందులో ఇమేజ్‌పాత్ అన్నచోట డ్రైవర్ ఫైలు ఎక్కడుందో రాసి ఉంటుంది. సాధారణంగా అది విండోస్ లోపలి సిస్టమ్32లో డ్రైవర్స్ అనే ఫోల్డర్. ఆ చోటికి వెళ్లి ఫైలు నిజంగా ఉందో లేదో చూడండి. ఫైలు ఉంటే దాని ప్రాపర్టీస్‌లో డిటైల్స్ చూస్తే ఎవరు తయారు చేశారో తెలుస్తుంది. సర్వీసెస్‌లో పేరే లేకపోయినా, పేరుండి ఫైలు లేకపోయినా వాడే దోషి.

దొరికాక, ముందు ఆ 965 కీ (రిజిస్ట్రీలోని ఫోల్డర్‌ను కీ అంటారు) మీద కుడి బటన్ నొక్కి ఎక్స్‌పోర్ట్ చేసి డెస్క్‌టాప్ మీద దాచుకోండి. ఏదైనా వికటిస్తే ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే పాత జాబితా తిరిగొస్తుంది. తరువాత అప్పర్‌ఫిల్టర్స్ తెరిచి, దోషి ఉన్న ఆ ఒక్క వరుసను మాత్రం చెరిపి, మధ్యలో ఖాళీ వరుస మిగలకుండా చూసి, ఓకే చేసి, రీస్టార్ట్ చేయండి. మొత్తం జాబితా తీసేసినా డ్రైవు వస్తుంది, ఆ మాట అబద్ధం కాదు. సీడీరామ్ తరగతి ఏ ఫిల్టరూ లేకుండా హాయిగా నడుస్తుంది. కాకపోతే మీ పాటల సాఫ్ట్‌వేరు మర్నాడు డిస్కులు రాయలేనని మొరపెట్టుకుంటుంది, అప్పుడు దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

నింపాది

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. ఇందులో అప్‌డేట్ పాత్ర లేదని అంత నమ్మకంగా ఎలా చెబుతున్నారు? విండోస్‌ను ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కు మార్చే పెద్ద అప్‌డేట్లలో, పొసగని డ్రైవర్ ఫైళ్లు వెనకబడిపోయి, రిజిస్ట్రీలో పేర్లు మాత్రం కొత్త ఇంటికి వచ్చేస్తాయి. ఏమీ అన్‌ఇన్‌స్టాల్ చేయకుండానే ఇదే కోడ్ వచ్చినవాళ్లు ఉన్నారు.

సూదిమొన

మీరన్నది నిజమే, అలా కూడా జరుగుతుంది. ఎవరి వల్ల జరిగినా మందు ఒకటే కాబట్టి ఆ వాదనలోకి దిగలేదు. తెలుసుకోవాలనుకుంటే విండోస్‌లోని ఐఎన్ఎఫ్ ఫోల్డర్‌లో ‘సెటప్ఏపీఐ డాట్ డెవ్’ అనే లాగ్ ఫైలు ఉంటుంది, పరికరాలకు ఏ రోజు ఏ గంటకు ఏమైందో అందులో ఉంటుంది. చదవడానికి మాత్రం ఓపిక కావాలి.

పాతపెట్టె

దొరికింది! మొదటి పేరు పాటల సాఫ్ట్‌వేరుదే. సర్వీసెస్‌లో ఉంది, ఫైలూ ఉంది. రెండో పేరు సర్వీసెస్‌లో లేనే లేదు, డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఫైలూ లేదు. పేరులోని మొదటి మూడు అక్షరాలు నేను తీసేసిన డిస్కులు రాసే సాఫ్ట్‌వేరు పేరుతో సరిపోయాయి. ఎక్స్‌పోర్ట్ చేసుకుని, ఆ వరుస చెరిపి, రీస్టార్ట్ చేశాను. డివైస్ మేనేజర్‌లో త్రికోణం మాయమైంది, పరికరం సరిగా పనిచేస్తోందని చూపిస్తోంది.

అయితే దిస్ పీసీలో ఇప్పటికీ డ్రైవు లేదు. ట్రేలో డిస్కు పెడితే తిరుగుతున్న చప్పుడు వస్తోంది. ఇదేం విచిత్రం?

ఒకసారికాలినచెయ్యి

అక్షరం దొరకలేదేమో. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, కింద సీడీరామ్ 0 అన్న గడిలో డ్రైవు అక్షరం ఉందో లేదో చూడండి.

పాతపెట్టె

నిజమే, అక్షరం లేదు. డ్రైవు కనబడని రోజుల్లోనే ఇంట్లోని ఇంకో కంప్యూటర్ ఫోల్డర్‌ను నెట్‌వర్క్ డ్రైవుగా కలుపుకుంటూ, ఖాళీగా ఉంది కదా అని పాత డీవీడీ అక్షరమైన ‘ఇ’ని దానికి ఇచ్చాను. అది గుర్తే లేదు. కుడి బటన్ నొక్కి, ఛేంజ్ డ్రైవ్ లెటర్‌లో డీవీడీకి ‘ఆర్’ ఇచ్చాను, వెంటనే వచ్చేసింది. ప్రస్తుతం నాలుగో డిస్కు కాపీ అవుతోంది.

నింపాది

అభినందనలు. ఈ ఫిల్టర్ల సంగతి వస్తే నాకు 2005 గుర్తొస్తుంది. సోనీ బీఎంజీ సంస్థ పాటల సీడీల్లో కాపీ నిరోధక సాఫ్ట్‌వేరును రహస్యంగా పెట్టి అమ్మిందని మార్క్ రస్సినోవిచ్ ఆ ఏడాది అక్టోబరు 31న బయటపెట్టారు. ఆయన తన కంప్యూటర్‌లో దాని డ్రైవర్లను చెరిపేయగానే సీడీ డ్రైవే మాయమైపోయింది. కారణం ఇదే: ఫైళ్లు పోయాయి, ఫిల్టర్ల జాబితాలో పేర్లు మిగిలాయి. విండోస్ లోపలి నిర్మాణం మీద పుస్తకాలు రాసిన మనిషి కాబట్టి ఆయన ఆ పేర్లను వెతికి తీసేసి డ్రైవును తెచ్చుకున్నారు. మామూలు శ్రోత ఆ పని చేయగలడా?

కొత్తనీరు

నాదీ దాదాపు ఇదే సమస్య, కాకపోతే విండోస్ 11. కోడ్ 39 వస్తోంది. మీరు చెప్పినట్టే చూశాను; జాబితాలో ఒక్కటే పేరుంది, సర్వీసెస్‌లోనూ ఉంది, ఫైలు కూడా ఉంది. ఏదీ పోలేదు. మరి ఎందుకు లోడ్ కావడం లేదు?

సూదిమొన

కొత్తనీరు గారూ, ఫైలు ఉన్నంత మాత్రాన విండోస్ దాన్ని లోపలికి రానివ్వాలని లేదు. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ కింద కోర్ ఐసొలేషన్ తెరవండి. అక్కడ మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉంటే, పాతకాలపు పద్ధతిలో రాసిన డ్రైవర్లను అది గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఆ ఫిల్టరు ఏ సాఫ్ట్‌వేరుదో చూసి, కొత్త వెర్షన్ ఉంటే అది ఎక్కించండి. లేకపోతే ఆ సాఫ్ట్‌వేరును వదులుకుని, జాబితాలో మిగిలిన పేరును పైన చెప్పినట్టు తీసేయండి. మెమరీ ఇంటెగ్రిటీనే ఆపేస్తే డ్రైవు వస్తుంది గానీ, డిస్కులు రాసే ఒక పాత ప్రోగ్రాము కోసం కంప్యూటర్ కాపలాదారును పంపేయడం నాకు సమ్మతం కాదు.

గాలిపటం

ఈసారి తొందరపడకుండా అడుగుతున్నాను. డివైస్ మేనేజర్‌లో త్రికోణం కాదు, డ్రైవు పేరే లేకపోతే ఏం చేయాలి?

ఒకసారికాలినచెయ్యి

అది వేరే కథ. ముందు బయోస్. బయోస్‌ను అప్‌డేట్ చేస్తే పాత అమరికలు పోయి మొదటికి వస్తాయి, దానితో సాటా పోర్టు ఆగిపోవడమో, సాటా పనిచేసే పద్ధతి, అంటే మోడ్, మారడమో జరగవచ్చు. మోడ్ మార్చేటప్పుడు జాగ్రత్త, విండోస్ బూట్ కాకుండా పోయే ప్రమాదం ఉంది. పాత మోడ్ ఏదో రాసి పెట్టుకోండి. బయోస్‌లో డ్రైవు ఉండి విండోస్‌లో లేకపోతే, రిజిస్ట్రీ సర్వీసెస్‌లోని అటాపీ కింద కంట్రోలర్0 అనే కీ సృష్టించి, అందులో ఎన్యూమ్‌డివైస్1 అనే డీవర్డ్‌కు (అంకె రాసే నమోదు) విలువ 1 ఇవ్వమని మైక్రోసాఫ్ట్ స్వయంగా సూచించింది. యూఎస్‌బీ డ్రైవు అయితే ఇవేవీ వద్దు, హబ్ తీసేసి నేరుగా వెనక పోర్టుకు కలపండి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంపియర్లే ఇస్తుంది, డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో చాలా డ్రైవులకు అది చాలదు.

పాతపెట్టె

చివరిగా ఒక్క సందేహం. ఫొటోల డిస్కులన్నీ చదువుతోంది, ఖాళీ డిస్కు మీద రాసి కూడా చూశాను. సినిమా డీవీడీ పెడితే మాత్రం ఫోల్డర్లు కనిపిస్తున్నాయి గానీ సినిమా నడవడం లేదు. నేను చెరిపిన వరుస వల్లనా?

నింపాది

కాదండీ. ఫోల్డర్లు కనిపిస్తున్నాయంటే డ్రైవు తన పని చేసినట్టే. విండోస్ 8 నుంచి డీవీడీ సినిమాలు నడిపే సౌకర్యాన్ని విండోస్‌లో ఇవ్వడం మానేశారు. మీరు తీసేసిన డిస్కులు రాసే సాఫ్ట్‌వేరుతో పాటు దాని ప్లేయర్ ఏదైనా వచ్చి ఇన్నాళ్లూ సినిమాలు నడిపి ఉంటుంది. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ఎక్కించి చూడండి.

పాతపెట్టె

అదే జరిగింది, వీఎల్‌సీలో నడుస్తోంది. ఎక్స్‌పోర్ట్ చేసిన రిజిస్ట్రీ ఫైలును ఇంకో నెల ఉంచి తీసేస్తాను. శీర్షికలో పరిష్కారమైందని చేర్చాను. అందరికీ కృతజ్ఞతలు.

కొత్తనీరు

నాదీ తేలింది. మెమరీ ఇంటెగ్రిటీ ఆపినది పాత వర్చువల్ డ్రైవు తాలూకు ఫిల్టరునే. విండోస్ 11లో ఐఎస్‌ఓ ఫైలు (డిస్కు ఇమేజ్) మీద రెండుసార్లు నొక్కితే అదే డిస్కులా తెరుచుకుంటుందని ఇప్పుడే గమనించాను, కాబట్టి ఆ సాఫ్ట్‌వేరును తీసేసి, జాబితాలో మిగిలిన పేరును చెరిపేశాను. డ్రైవు వచ్చింది.